ముళ్ళకంపలో సింహం: తిరుత్తణి, తిరువళ్ళూరు సీమలో సింహ చిత్రణ

అడవి సింహాన్ని అది బతికే ముళ్ళపొదల మధ్యనే చూపించడం వన్యప్రాణి చిత్రకళలో చాలా కష్టమైన పని. తమిళనాడు ఉత్తరపు కొసన ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకుని ఉన్న తిరుత్తణి, తిరువళ్ళూరు సీమకు ఈ పనితో ఒక ప్రత్యేకమైన సంబంధం ఉంది. ఇక్కడ ముళ్ళపొదలకు కొదవ లేదు, సింహాల బొమ్మలకూ కొదవ లేదు. పల్లవుల కాలం నుంచి ఈ చుట్టుపక్కల శిల్పులు సింహాన్ని చెక్కుతూనే ఉన్నారు, చిత్రకారులు గీస్తూనే ఉన్నారు. అయితే చరిత్రకు తెలిసినంతలో భారతదేశపు సింహం నర్మదకు ఉత్తరాన తిరిగిన జంతువు. అందువల్ల ఈ సీమలో సింహం స్తంభం మీదికి, ఉత్సవ వాహనం మీదికి, కలంకారీ గుడ్డ మీదికి ఎక్కింది గాని, దాని చుట్టూ ఉండాల్సిన కంప మాత్రం బొమ్మలోకి రాలేదు. ఊరి వెలుపల కళ్ళెదుటే ఉన్న పొదను వదిలేసి, ఎన్నడూ చూడని మృగాన్ని ఇన్ని వందల ఏళ్ళు గీసిన సీమ ఇది. ఇక్కడి సింహ చిత్రణను అర్థం చేసుకోవడానికి ఈ సంగతే మొదటి ఆధారం.

నేల, కంప

తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు సరిహద్దుల మీద వచ్చిన పటాస్కర్ తీర్పును అనుసరించి అది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడింది. మద్రాసు నుంచి తిరుపతికి వెళ్ళే పాత దారి తిరువళ్ళూరు, తిరుత్తణి మీదుగానే పోతుంది. దారికి రెండు పక్కలా పల్లెల్లో తెలుగు, తమిళం కలిసే వినిపిస్తాయి.

ఈ దారిలో పడమరగా నగరి కొండలు కనిపిస్తాయి. దిగువన మైదానం ఎర్రనేల, అక్కడక్కడ బోడిగుండ్లు. పొలం కానిచోటల్లా, చెరువుకట్ట దాటిన చోటల్లా కంపే. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, రేగు, పరికి, కలే, బలుసు, ఉప్పి, మంగ, వెలుతురు, మధ్యలో బొంతజెముడు. వీటిలో తుమ్మలు ఎత్తు పెరుగుతాయి. కలే, బలుసు, ఉప్పి మాత్రం నేలకు అంటుకుని గుబురుగా అల్లుకుంటాయి. మేకలు కొరికిన పొద ఇంకా బిగుసుకుంటుంది. పూండి దాపున రాతియుగపు పనిముట్లకు పేరుపడ్డ అత్తిరంపాక్కం, గూడియం వైపు వెళితే ఇటువంటి పొదలు కొండ అంచుల దాకా సాగుతాయి.

వీటన్నిటి మధ్యకు వచ్చి చేరింది సర్కారు తుమ్మ. అమెరికా ఖండపు ఈ చెట్టును 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. వంటచెరకు కోసం, బీడు నేలల్ని కప్పడం కోసం తెచ్చిన చెట్టు దక్షిణాది అంతా పరుచుకుంది. ఇప్పుడు తిరువళ్ళూరు చుట్టుపక్కల చెరువుల్లో, పోరంబోకుల్లో మొదట కంటికి తగిలేది ఇదే. చిత్రకారుడికి దీనితో ఒక చిక్కుంది. వేసవిలో మిగతా కంప గోధుమరంగుకు తిరిగినా ఇది పచ్చగానే ఉంటుంది. ఎండాకాలపు అడవిని గీయాలనుకుని దీన్ని ఎదురుగా పెట్టుకుంటే బొమ్మలో రుతువు తప్పిపోతుంది.

సింహం ఉన్న అడవి

ఆసియా సింహం ఒకప్పుడు పడమటి ఆసియా నుంచి బీహారు దాకా ఉండేది. వేట వల్లా అడవుల నరికివేత వల్లా తగ్గుతూ తగ్గుతూ చివరికి గుజరాత్‌లోని గిర్‌లో మాత్రమే మిగిలింది. జూనాగఢ్ నవాబులు కాపాడకపోయి ఉంటే అక్కడా మిగిలేది కాదు. గిర్ 1965లో అభయారణ్యమైంది, 1975లో అందులో కొంత జాతీయోద్యానమైంది. రెండూ కలిపి సుమారు 1,412 చదరపు కిలోమీటర్లు. 2020 లెక్కలో 674 సింహాలు ఉంటే, 2025 లెక్కలో 891 తేలాయి. వాటిలో చాలా భాగం ఇప్పుడు రక్షిత అడవి దాటి రెవెన్యూ భూముల్లో, నదీతీరపు పొదల్లో, తోటల్లో తిరుగుతున్నాయి.

గిర్ పడమటి భాగం టేకు అడవి. తూర్పుకు పోయేకొద్దీ వాన తగ్గి తుమ్మ, చండ్ర, రేగు పెరుగుతాయి. అక్కడి సింహం పగటిపూట వాక్కాయ జాతి పొదల నీడను బాగా వాడుకుంటుంది. తిరుత్తణి గుట్టల మీద పిల్లలు కోసుకు తినే కలేకాయ కూడా ఆ కుటుంబంలోదే. తుమ్మ, రేగు రెండు చోట్లా ఉన్నవే. గిర్ పశుపాలకులైన మాల్ధారీలు తమ నివాసాల చుట్టూ కంపతోనే దడి కడతారు. రాయలసీమ గొర్రెలదొడ్డి కంపను చూసినవాడికి దాన్ని విడమరచి చెప్పక్కరలేదు. అంటే సింహపు అడవిలో సగం, సింహమొక్కటి తప్ప, ఈ సీమ చిత్రకారుడి ఇంటిదగ్గరే ఉంది.

రాతి సింహం

ఈ సీమకు సింహాన్ని తెచ్చినవారు పల్లవులు. కంచిని ఏలిన ఈ వంశంలో సింహవిష్ణువు, నరసింహవర్మ, రాజసింహుడు అని రాజుల పేర్లలోనే సింహం ఉంది. సింహవిష్ణువు కొడుకు మొదటి మహేంద్రవర్మకు మాత్రం చిత్రకారప్పులి అనే బిరుదుంది. చిత్రకారుల్లో పులి అనిపించుకున్న ఆ రాజు తిరుత్తణికి చేరువలోనే, షోళింగర్ దగ్గరి మహేంద్రవాడిలో, ఒకే గుండును తొలిచి విష్ణువుకు గుడి చేయించాడు. దాని స్తంభాలు నలుచదరంగా, పద్మాలతో, నిరాడంబరంగా ఉంటాయి. స్తంభం మొదట సింహం కూర్చోవడం తర్వాతి తరాల పని. మామల్లపురం గుహల్లో అది స్థిరపడింది. 8వ శతాబ్దం మొదట్లో రాజసింహుడు కట్టించిన కంచి కైలాసనాథ దేవాలయంలో ముంగాళ్ళెత్తి లేచిన సింహాలు గోడ పొడుగునా వరుసకట్టాయి. తెలుగునేల మీద భైరవకోన గుహల్లోనూ ఈ సింహపు స్తంభాలే ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళితే అమరావతి స్తూపపు ద్వారాల దగ్గర కాపలా సింహాలు. వాటిలో కొన్ని ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

పల్లవ సింహాన్ని జంతుశాస్త్రపు కొలతతో చూస్తే లోపాలు కనిపిస్తాయి. జూలు ముత్యాల వరసలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. కళ్ళు బయటికి పొడుచుకొస్తాయి. నోరు మనిషి నవ్వుకు దగ్గరగా తెరుచుకుంటుంది. అయితే ఆ శిల్పి చూపించాలనుకున్నది జంతువును కాదు, బరువు మోసే బలాన్ని. పై కప్పు బరువంతా తన తల మీద నిలిపి కదలకుండా కూర్చున్న మృగం అది. ఆ పనికి ఆ రూపం సరిగ్గా కుదిరింది. నా దృష్టిలో మామల్లపురం ద్రౌపది రథం ముందు విడిగా నిలబడ్డ సింహం మొత్తం పల్లవ కళలోనే సజీవమైన జంతుశిల్పాల్లో ఒకటి. అదే ఊళ్ళో గంగావతరణంగా, అర్జున తపస్సుగా చెప్పుకునే పెద్ద శిలాఫలకం మీద సింహాలు కొండ గుహల్లో విశ్రాంతిగా కనిపిస్తాయి. సింహాన్ని ఒక చోటులో ఉంచి చూపించిన అరుదైన పని ఇది. అక్కడా ఉన్నది రాతి గుహే, పొద లేదు. మొక్క ఆకును, ముల్లును రాతిలో తేల్చడం ఎంత కష్టమో ఉలి పట్టినవాడికి తెలుసు.

తిరుత్తణిలోనే ఉన్న వీరట్టానేశ్వరాలయం పల్లవుల చివరి రోజులది. 9వ శతాబ్దం చివర అపరాజితవర్మ ఏలుబడిలో నంబి అప్పి అనే ఆయన దీన్ని రాతితో కట్టించాడు. ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగిన విమానం దాని ప్రత్యేకత. ఆ వెంటనే చోళులు వచ్చారు. వాళ్ళ గుర్తు పులి. తర్వాత విజయనగర కాలంలో సింహం కాస్తా యాళిగా మారి, తొండం తగిలించుకుని, మండపం స్తంభాల మీద గుర్రంలా లేచింది. అడవి సింహం వైపు నుంచి చూస్తే అది మరింత దూరం జరగడమే.

వాహనం, నరసింహుడు

సామాన్య జనం సింహాన్ని రంగుల్లో చూసేది గుళ్ళోనే. తిరుమల బ్రహ్మోత్సవాల్లో మూడో రోజు పొద్దున సింహవాహనం. దక్షిణాది వైష్ణవాలయాలెన్నిటిలోనో ఇటువంటి కొయ్య వాహనాలు ఉన్నాయి. పసుపుపచ్చ ఒళ్ళు, ఎర్ర నాలుక, నల్లటి కనుగుడ్లు. గ్రామదేవతల గుళ్ళ ముందు, అమ్మవారి గుళ్ళ ప్రహరీ మూలల మీద సున్నంతో చేసిన సింహాలు ఇదే రంగుల్లో కనిపిస్తాయి. పెరియపాళయం భవానీ అమ్మన్, తిరువేర్కాడు కరుమారి అమ్మన్ ఈ జిల్లాలో పేరుగల అమ్మవారి క్షేత్రాలు. తెలుగు కుటుంబాలూ అక్కడికి మొక్కులకు పోతాయి. తమిళనాట పన్నెండేళ్ళకొకసారి జరిగే కుంభాభిషేకానికి గోపురం మీది బొమ్మలన్నిటికీ కొత్త రంగు పడుతుంది. పాత చేతులు వేసిన ఛాయలు ఆ రంగు కింద కప్పబడిపోతాయి. అందుకే వందేళ్ళ కిందట ఈ సున్నపు సింహాలు ఏ రంగులో ఉండేవో ఇప్పుడు చూసి తెలుసుకునే వీలు చాలాచోట్ల లేదు. ఇది చిన్న నష్టం కాదు.

నరసింహుడి సంగతి వేరు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి ఆలయ నిర్వహణ అహోబిల మఠానిది. ఆ మఠానికి మూలమైన అహోబిలం నల్లమల కొండల్లో ఉంది. తిరుత్తణికి పడమరగా షోళింగర్ కొండ మీద యోగనరసింహుడున్నాడు. వెయ్యికి పైగా మెట్లెక్కి చూసే దేవుడాయన. ఇలా ఈ సీమకు ఒక పక్క కొండ మీద, మరో పక్క మఠం ద్వారా సింహముఖుడైన దేవుడే ఉన్నాడు. నరసింహుణ్ణి గీసేవాడు జూలును మంటలా గీస్తాడు, కళ్ళను సూర్యచంద్రుల్లా గీస్తాడు. జంతువు ముఖాన్ని గమనించాల్సిన అవసరం అక్కడ అంతగా రాదు. సంప్రదాయం ముందే తేల్చిపెట్టింది. అయినా అహోబిలం పేరు వింటే గుర్తొచ్చేది ఎండు అడవి, బండలు, కంప. ఉగ్రరూపాన్ని ఇటువంటి అడవిలోనే నిలిపిన ఊహకు చిత్రకారుడు రుణపడి ఉండాలి.

కలం, గుడ్డ

ఈ సీమకు దగ్గరగా ఉన్న గొప్ప చిత్రకళ శ్రీకాళహస్తి కలంకారీ. నూలుగుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. చింతబొగ్గుతో రూపురేఖ వేసుకుంటారు. ఆ మీద కసిమితో నల్లగీత. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెడితే తయారయ్యేది కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డను అది తాకగానే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. పటిక, ఎరుపు, పసుపు, నీలి ఒక్కొక్కటిగా తర్వాత వస్తాయి. ప్రతి రంగుకూ మధ్య గుడ్డను పారే నీళ్ళలో ఉతకాలి. స్వర్ణముఖి ఆ ఊరికి ఉన్నది అందుకే అన్నట్టుగా పని సాగేది. 20వ శతాబ్దం నడుమ ఆరిపోబోయిన ఈ కళకు కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శిక్షణకేంద్రం వచ్చింది. కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది.

కలంకారీలో సింహం దుర్గ వాహనంగా, నరసింహావతారంగా, అంచుల్లో అలంకారంగా వస్తుంది. కసిమి గీతను చెరిపే వీలు లేదు. ఒకసారి పడితే పడినట్టే. అందుకే సింహం వీపు నుంచి తోక కుచ్చు దాకా ఒకే ఊపులో వస్తుంది. ఆ గీతలో ఉన్న ధైర్యం చూసి అడవి సింహాన్ని గీసేవాళ్ళు నేర్చుకోవలసింది చాలా ఉంది. ఈ పద్ధతిలో వెలుగునీడలు లేవు. ఖాళీ జాగాలో పూలు, లతలు నిండుతాయి. వాటిలో ముళ్ళుండవు. ముల్లు గీయడానికి కలం కంటే తగిన పనిముట్టు లేదని నా నమ్మకం. వెదురుపుల్లకు చుట్టిన ఉన్నిని కొంచెం నొక్కితే లావైన గీత, వదిలితే సూదిమొన. రేగుకొమ్మ వంకరలన్నీ అందులో వస్తాయి. సింహం చుట్టూ కలేపొద అల్లుకున్న ఒక కలంకారీ తెర ఎవరైనా రాస్తే చూడాలని ఉంది.

తంజావూరు చిత్రాలు గీసిన కుటుంబాల్లో తెలుగు రాజు, నాయుడు కులాలవాళ్ళు ఉన్నారు. అక్కడ సింహం బంగారు రేకు, రాళ్ళ మధ్య అమ్మవారి పాదాల దగ్గర చిన్నదిగా ఒదుగుతుంది. మన విషయానికి అది దగ్గరది కాదు.

పుస్తకాల అడవి

తెలుగు పిల్లల మనసుల్లో సింహానికి అడవిని కట్టింది బొమ్మలున్న పుస్తకాలు. పంచతంత్రాన్ని చిన్నయసూరి నీతిచంద్రికగా రాశాక పింగళకుడనే సింహం బడి చదువులోకి వచ్చింది. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ మొదలయ్యాయి. వడ్డాది పాపయ్య, శంకర్, చిత్రా వంటివారి కుంచె వల్ల రెండు భాషల పిల్లలూ ఒకే సింహాన్ని చూశారు. తిరుత్తణి వంటి రెండు భాషల ఊరికి ఇది ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఆ సింహం నిండు జూలుతో, రాజసంతో ఉంటుంది. దాని చుట్టూ ఉన్న అడవి మాత్రం మహావృక్షాల అడవి, తీగల అడవి. కథకు అది చాలు. కానీ సింహమంటే దట్టమైన పచ్చని అడవిలో ఉండేదన్న అభిప్రాయం మనలో నాటుకుపోవడానికి ఈ బొమ్మలకూ కొంత పాత్ర ఉంది.

పొదను గీసినవారు

ప్రపంచ చిత్రకళలో సింహం బొమ్మలు లెక్కలేనన్ని. ఫ్రాన్స్‌లోని షోవే గుహలో మంచుయుగపు మనిషి బొగ్గుతో గీసిన సింహాల గుంపు ఇప్పటికీ ఎవరికీ తీసిపోదు. నినెవే రాజభవనపు గోడల మీద అసీరియా శిల్పులు చెక్కిన గాయపడ్డ సింహాలు చూసేవాళ్ళ కడుపు తరుక్కుపోయేలా చేస్తాయి. దెలక్రువా పారిస్ జంతుశాలలో సింహాల్ని చూసి గీసేవాడు. హెన్రీ రూసో ఫ్రాన్స్ దాటకుండానే, మ్యూజియంలో గడ్డి కూరిన సింహాన్ని, వేడి అద్దాల గదుల్లో పెంచిన మొక్కల్ని చూసి, 1905లో ఆకలిగొన్న సింహం జింక మీద పడే పెద్ద చిత్రం వేశాడు. అందులో అడవి సింహానిది కాదు, రూసో కలది. మన దేశంలో కోటా సంస్థానపు చిత్రకారులు వేట చిత్రాల్లో మృగాన్ని గుబురు చెట్ల మధ్య దాచడం నేర్చారు. భారతీయ చిత్రకళలో పొదకు దక్కిన మంచి గౌరవం అదే.

పొదలో సింహాన్ని స్వయంగా చూసి గీసినవారిలో జర్మన్ చిత్రకారుడు విల్‌హెల్మ్ కూనర్ట్ (1865–1926) ముందు వరసలో ఉంటాడు. 1891 నుంచి పలుమార్లు తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి, అక్కడే కూర్చుని చిన్న చిన్న రంగు చిత్తులు వేసుకుని, బెర్లిన్‌కు వచ్చి పెద్ద చిత్రాలు పూర్తి చేసేవాడు. ఆయన సింహం గడ్డిలో కలిసిపోతుంది. నీడ నీలంగా ఉంటుంది. ఒంటి అంచు ఒకచోట కనబడుతుంది, మరోచోట పోతుంది.

కెన్యాలోని త్సావో ముళ్ళ అడవి ఈ విషయానికి అసలైన పాఠశాల. 1898లో అక్కడ రైలు వంతెన కడుతున్న భారతీయ కూలీల్ని రెండు మగసింహాలు పొట్టనబెట్టుకున్నాయి. వాటికి జూలు లేదు. ఆ రెండూ షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. త్సావో మగసింహాల్లో చాలావాటికి జూలు పలచనే. వేడి కారణమని ఒక వాదం, కంప జూలును పీకేస్తుందని మరో వాదం. 2002లో సెరెంగెటి సింహాల మీద వెలువడిన పరిశోధన నల్లజూలు ఆడసింహాల్ని ఆకర్షిస్తుందని, దానికి బదులు ఆ మగది వేడిని ఎక్కువ భరించాల్సి వస్తుందని తేల్చింది. కారణం ఏదైనా, ముళ్ళపొదల్లోని మగసింహానికి కేలండరు బొమ్మల్లోలాంటి నిండు జూలు వేస్తే బొమ్మ అబద్ధమవుతుంది.

బొమ్మ కట్టడం

ముళ్ళపొదలో సింహాన్ని గీసేటప్పుడు పని పొదతోనే మొదలవుతుంది. పొద రెండు రకాలు, నీడా రెండు రకాలు. తుమ్మ ఆకు చాలా చిన్న చిన్న రెక్కలుగా చీలి ఉంటుంది. దాని కింద పడే నీడ జల్లెడ పట్టినట్టు పలచగా, కదులుతూ ఉంటుంది. అటువంటి నీడలో పడుకున్న సింహం ఒంటి మీద వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతుంది, ఒంటి ఆకారం ముక్కలవుతుంది. కలేపొద దీనికి పూర్తిగా ఎదురు. ఆకు మందం, మెరుపు, ఏడాదంతా ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పొద లోపల చీకటి గుహలా ఉంటుంది. అక్కడ సింహం మొత్తం కనబడదు. కళ్ళ కింది తెల్లటి మచ్చలు, గడ్డం కింది తెలుపు, ముక్కు మీది గీత ముందు తేలతాయి. తర్వాత, కాసేపు చూస్తే, భుజం. ఈ రెండు నీడల్ని ఒకే బొమ్మలో కలిపితే రెండూ చెడతాయి. ఏ పొద కిందో ముందే తేల్చుకోవాలి.

సింహం ఒళ్ళు, ఎండుగడ్డి దాదాపు ఒకే వన్నెలో ఉంటాయి. ఎల్లో ఓకర్, రా సియెన్నా, కొంచెం తెలుపు రెంటికీ సరిపోతాయి. కాబట్టి సింహాన్ని గడ్డి నుంచి విడదీసేది వన్నెభేదం కాదు, చలువ వేడిమి. ఎండపడ్డ గడ్డిని వెచ్చగా ఉంచి, నీడలోని ఒంటికి అల్ట్రామెరీన్ నీలం ఒక్క పిసరు కలిపితే చాలు. నల్లటి గుర్తులు కొన్ని ఉన్నాయి. చెవుల వెనుక నలుపు, పెదవి అంచు, తోక కుచ్చు, కళ్ళచుట్టూ గీత. పొదలో సింహాన్ని వెతికే కన్ను మొదట పట్టుకునేవి ఇవే. వీటి చోటు సరిగ్గా పడితే మధ్యలో ఒంటిని సగం వదిలేసినా చూసేవాడి మనసు పూరించుకుంటుంది. వీటిని తప్పుగా పెట్టి వెంట్రుక వెంట్రుకా గీసినా సింహం రాదు.

ముళ్ళను ఒకే తీరుగా గీయడం తరచు కనిపించే పొరపాటు. తుమ్మముళ్ళు జంటలు జంటలుగా, నిటారుగా, తెల్లగా ఉంటాయి. రేగుకు జంటలో ఒకటి నిటారుగా, మరొకటి వంగి కొక్కెంలా ఉంటుంది. కొమ్మ ప్రతి కణుపు దగ్గరా మలుపు తిరుగుతుంది. బలుసుకు కొమ్మకు రెండు వైపులా ఎదురెదురు ముళ్ళు. తిరుత్తణి చిత్రకారుడికి వీటి కోసం ఎక్కడికీ పోనక్కరలేదు. ఊరి చివర కొమ్మ విరిచి బల్ల మీద పెట్టుకోవచ్చు. పొద గురించి ఆఫ్రికా వెళ్ళి వచ్చిన యూరపు చిత్రకారుల కంటే ఇక్కడి పశులకాపరికి ఎక్కువ తెలుసు. ఆ తెలివి బొమ్మలోకి రావాలి.

నీటిరంగుల్లో ముందున్న కొమ్మల్ని తెల్లకాగితంగా వదిలేసి వెనక చీకటిని నింపుకుంటూ రావాలి. అంటే మొదటే ప్రతి కొమ్మ ఎక్కడుందో తెలియాలి. తైలవర్ణాల్లో చీకటి, సింహం, ఆపైన కొమ్మలు అనే వరస సాధ్యం. సన్నటి పొడుగు కుంచెతో చివర్లో వేసే ఎండుకొమ్మలు సింహం ముఖానికి అడ్డంగా పడొచ్చు. కంటికి అడ్డం పడకూడదు. ముఖాన్ని దాటిన కొమ్మ లోతును ఇస్తుంది, కంటిని దాటిన కొమ్మ బొమ్మను చంపుతుంది. దట్టమైన కంపలో ఆకాశపు అంచు కనబడదు కాబట్టి బొమ్మలో లోతు కొద్ది గజాలే. ఆ ఇరుకును కప్పిపుచ్చకుండా ఉంచడమే మంచిది. సింహం ఎంత దగ్గరగా ఉందో చూసేవాడికి ఆ ఇరుకే చెబుతుంది.

ఇక్కడి పొదను ఆధారం చేసుకుని గిర్ సింహాన్ని గీసేవాడికి నేల దగ్గర జాగ్రత్త అవసరం. తిరుత్తణి నేల ఎరుపు. ఆ ఎరుపు ఎండలో పైకి విరజిమ్మి జంతువు పొట్ట కింద, గడ్డం కింద చేరుతుంది. గిర్ కొండలు అగ్నిపర్వతపు రాయి, మట్టి నల్లటి గోధుమ. కింది నుంచి పడే వెలుగు చప్పగా ఉంటుంది. ఇక్కడి ఎర్రదనాన్ని అలాగే వాడితే ఆ సింహం గిర్‌ది కాకుండా త్సావో ఎర్రనేల మీదిది అవుతుంది. కాలం కూడా లెక్కలోకి వస్తుంది. గిర్‌కు వాన నైరుతి నుంచి జూన్, సెప్టెంబరు మధ్య వస్తుంది. తిరువళ్ళూరుకు ముఖ్యమైన వాన అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్యం నుంచి. గిర్ ఎండిపోతున్న డిసెంబరు, జనవరిలో ఇక్కడి కంప పచ్చగా ఉంటుంది. రెండు అడవులూ ఒకేలా ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. గిర్ ఉద్యానం జూన్ 16 నుంచి అక్టోబరు 15 దాకా సందర్శకులకు మూసి ఉంటుంది. కాబట్టి అక్కడికి వెళ్ళి చూసి వచ్చిన చిత్రకారుడి కంట్లోనూ ఎండుకాలపు అడవే మిగులుతుంది. ఏప్రిల్‌లో ఇక్కడ గీసిన కంప చిత్తులు అందుకే నమ్మదగినవి.

ఫొటోను చూసి గీయడం ఇప్పుడు మామూలైపోయింది. దూరపు కటకంతో తీసిన ఫొటోలో ముందున్న కొమ్మ, సింహం, వెనక పొద ఒకే తలానికి అతుక్కుంటాయి. కొమ్మలు మసకబారి ముళ్ళు మాయమవుతాయి. కంపలోకి దిగి బట్టలు చించుకున్న చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

సింహాన్ని ఎక్కడ చూడాలి

శిల్పశాస్త్రపు కొలతల సింహాన్ని నేర్చుకోవడానికి ఈ సీమకు రెండు పక్కలా బడులున్నాయి. మామల్లపురంలో ప్రభుత్వ శిల్ప కళాశాల 1957లో మొదలైంది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల సంప్రదాయ శిల్పకళా సంస్థ 1960 నుంచి రాయి, సుధ, కొయ్యతో పాటు కలంకారీ కూడా నేర్పుతోంది. ప్రాణమున్న దాన్ని చూసి గీసే చదువు మద్రాసు లలితకళల కళాశాలది. 1850లో అలెగ్జాండర్ హంటర్ పెట్టిన బడి నుంచి అది పెరిగింది. ఈ రెండు చదువుల మధ్య గోడ ఉండవలసిన అవసరం లేదని చెప్పడానికి జాతీయ చిహ్నం కథ ఒకటి చాలు. సారనాథ్ సింహాల్ని రాజ్యాంగపు ప్రతి మీద గీయడానికి నందలాల్ బోస్ తన శిష్యుడు దీనానాథ్ భార్గవను పురమాయించాడు. భార్గవ కలకత్తా జంతుశాలకు రోజుల తరబడి వెళ్ళి సింహాల నడక, ముఖం గమనించాకే గీశాడు. రెండు వేల ఏళ్ళకు పైబడిన రాతి సింహాన్ని తిరిగి గీయడానికి కూడా ఆయనకు ప్రాణమున్న సింహం కావలసి వచ్చింది.

ఈ సీమవాళ్ళకు అందుబాటులో రెండు జంతుశాలలున్నాయి. మద్రాసు దక్షిణాన వండలూరులో అరిజ్ఞర్ అణ్ణా జంతుశాల, తిరుపతి కొండ దిగువన శ్రీవేంకటేశ్వర జంతుశాల. తిరుపతిది శేషాచలం పాదాన ఉండడం వల్ల చుట్టూ ఉన్న బండలు, ఎండుచెట్లు చిత్రకారుడికి అదనపు లాభం. సర్కస్‌లలో సింహాల ప్రదర్శనను 1998లో కేంద్రం నిషేధించాక, విడిపించిన సర్కస్ జంతువుల్ని దేశంలో కొన్నిచోట్ల సంరక్షణ కేంద్రాల్లో ఉంచారు. తిరుపతి వాటిలో ఒకటి. సర్కస్ సింహాల్లో చాలావాటిలో ఆఫ్రికా, ఆసియా రక్తం కలిసి ఉంది. గిర్ సింహాన్ని గీయాలని వచ్చినవాడు అటువంటిదాని ముందు కూర్చుంటే తెలియకుండానే మరో జంతువును గీస్తాడు. గుర్తించడం కష్టం కాదు. ఆసియా మగసింహానికి నడినెత్తి మీద జూలు పలచన, చెవులు బయటికి స్పష్టంగా కనబడతాయి. పొట్ట కింద పొడుగునా చర్మం మడతగా వేలాడుతుంది. జూలు చెవుల్ని పూర్తిగా కప్పేసి, పొట్ట నున్నగా బిగిసి ఉంటే అనుమానించాలి. ఆవరణలోని సింహం మరో విధంగానూ మోసం చేస్తుంది. వేళకు తిండి, కంప తగలని ఒళ్ళు, దెబ్బలు లేని ముఖం. గిర్‌లో ఏళ్ళు గడిపిన మగసింహపు ముక్కు మీద గీతలుంటాయి, చెవి అంచు చిరిగి ఉంటుంది. పొద్దున గేటు తెరిచిన వేళకు వెళ్ళి మొదట చెవులు, పొట్ట చూసి, ఆ తర్వాత కాగితం తీయడం మంచిది. ఎండ ముదిరితే జంతుశాల సింహం కూడా నీడ వెతుక్కుని పడుకుంటుంది.